సైరంధ్రి వనానికి పన్నెండుమంది పెన్షనర్లు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హనుమకొండలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు డిసెంబరు 17. పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరించారు. డి.ఎ. సంగతులు కార్యదర్శిగారు చెప్పారు. వాటి తరువాత అడవి గురించి మాట్లాడమని అధ్యక్షులు నన్ను లేపారు. ఆకలి మీద ఉన్నవాళ్లకు ఇది కొంచెం ఇబ్బందే. అయినా మన సభ్యుల్లో మరికొందరు కేరళలోని సైలెంట్ వ్యాలీకి వెళ్లాలని పేర్లు ఇచ్చారు కనుక, 2023 జనవరిలో మేము పన్నెండుమందిమి వెళ్లి వచ్చిన సంగతి, అందులోనూ వెళ్లక ముందు జరిగిన సంగతి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నేను చేసిన ఒక పొరపాటు కూడా ఇందులో ఉంది. దాన్ని దాచను.

2022 వానాకాలంలో ఒక సాయంత్రం సంఘం ఆఫీసు వరండాలో కూర్చుని ఉన్నాం. కరోనా రెండేళ్లు ఇంట్లోనే గడిచాయి. ఎక్కడికైనా వెళ్దాం అన్న మాట వచ్చింది. ఒకరు కాశీ అన్నారు, ఒకరు రామేశ్వరం అన్నారు. ఒక మూల నుంచి మన బాటనీ లెక్చరర్ గారు నెమ్మదిగా అన్నారు: "ముప్పై ఏళ్లు ఉష్ణమండల వర్షారణ్యం అని బోర్డు మీద రాశాను. బొమ్మ కూడా గీశాను. ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. ప్రతి ఏడాదీ పిల్లలకు చూసినట్టే చెప్పాను."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"మనకు అడవి లేదా సార్? పాకాల లేదా, తాడ్వాయి లేదా, ఏటూరునాగారం లేదా?" అని నేనే అడిగాను. మేడారం జాతరకు చిన్నప్పుడు ఎడ్లబండి మీద పోయినవాణ్ని. నాకు తెలిసిన అడవి అదే. అప్పుడాయన చెప్పిన తేడా మీకూ చెబుతాను. మన ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు రెండూ 1952 నాటివి. గొప్ప అడవులే. కాని అవి ఆకు రాల్చే అడవులు. టేకు, మద్ది, ఇప్ప, తునికి ఎండాకాలం ముందు ఆకు రాల్చి నిలబడతాయి. మార్చిలో మేడారం రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూస్తే అడవి లోపల ఎంతో దూరం కనిపిస్తుంది. వర్షారణ్యంలో అన్ని చెట్లూ ఒకేసారి ఆకు రాల్చడం అంటూ ఉండదు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. మనకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల చుట్టూ వాన పడితే అక్కడ దానికి మూడు నాలుగు రెట్లు పడుతుంది. చెట్టు మీద చెట్టు, దాని కింద చెట్టు, అంతస్తుల మేడలాగ పెరుగుతుంది. అలాంటి అడవి మన దేశంలో పడమటి కనుమల్లో ఉంది, ఈశాన్య రాష్ట్రాల్లో ఉంది, అండమాన్లలో ఉంది. మన వరంగల్ స్టేషనులో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా పాలక్కాడ్‌లో దిగవచ్చు. అక్కడినుంచి మన్నార్‌కాడ్ మీదుగా సైలెంట్ వ్యాలీ. "వయసు మళ్లినవాళ్లకు అందుబాటులో ఉన్నది ఇదొక్కటే" అన్నారాయన.

నేను బాటనీ చదవలేదు. నాకు పట్టుకున్నది ఆ అడవి వెనక ఉన్న ఫైలు. ముప్పై ఆరేళ్లు ఫైళ్లు మోసినవాణ్ని కదా!

ఆ లోయలో పారే ఏరు పేరు కుంతిపుళ. పుళ అంటే మలయాళంలో ఏరు. ఏరు లోయ దాటే చోటి పేరు సైరంధ్రి. విరాటుని కొలువులో ద్రౌపది పెట్టుకున్న పేరే అది. పాండవులు అరణ్యవాసంలో అటు వచ్చారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే దేశం మనది. వాన కురిసే అడవికి సైరంధ్రి పేరుండటం మాకు శుభశకునంగా తోచింది.

1914లోనే దాన్ని రిజర్వు అడవి చేశారు. ఆ సైరంధ్రి దగ్గరే ఆనకట్ట కట్టి కరెంటు తీయవచ్చని బ్రిటిషు వాళ్ల కాలంలో, 1928లోనే గుర్తించారు. 1973లో ప్రణాళికా సంఘం ఆ ప్రాజెక్టుకు ఆమోదం ఇచ్చింది. అంటే మన భాషలో ఫైలు మీద సంతకం అయిపోయింది. అక్కడితో కథ ముగియాలి. కాని ముగియలేదు. స్కూలు మాస్టార్లు, కాలేజీ లెక్చరర్లు, కవులు, కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు కార్యకర్తలు ఊరూరా తిరిగారు. పక్షుల శాస్త్రవేత్త సాలిం అలీ విజ్ఞప్తి చేశారు. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ ప్రాజెక్టు వద్దన్నారు. కరెంటు కావాలన్నవాళ్లూ తక్కువమంది కాదు, వాళ్లదీ న్యాయమైన కోరికే. మలబారు ప్రాంతానికి అప్పట్లో కరెంటు కొరత ఉండేది. చివరికి ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన వేసిన కమిటీ పరిశీలన తరువాత 1983లో ప్రాజెక్టు మానుకున్నారు. 1984 నవంబరులో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1985 సెప్టెంబరు 7న రాజీవ్ గాంధీ ప్రారంభించారు. అప్పటి విస్తీర్ణం 90 చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. 2007లో చుట్టూ మరో 148 చదరపు కిలోమీటర్లు రక్షణ వలయంగా చేర్చారు.

పదేళ్లు ఒక ఫైలు కదలకపోతే మనల్ని తిడతారు. ఈ ఫైలు పదేళ్లు ఆగినందుకు ఒక అడవి మిగిలింది. ఆ మాట విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఇక్కడ చెప్పాలి.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఆఫీసులో రోడ్డు వెడల్పు చేసే ఫైలు నా సీటుకు వచ్చింది. రోడ్డు పక్కన చింతచెట్లు కొట్టాలి. మా ఆఫీసు తరఫున అభ్యంతరం లేదని రాయాలి. భోజనానికి లేచేలోపల నోట్ పెట్టాను. ఆ రోడ్డు నేను చూడలేదు. ఆ చెట్లు చూడలేదు. తరువాత చాలా ఏళ్లకు ఒక పెళ్లికి ఆ దారిన పోతూ, ఎండలో బస్సు ఆగితే దిగి, నీడ కోసం వెతుక్కున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ రోడ్డు ఫైలు నాదే కదా అని. రోడ్డు అవసరమే. నేను అభ్యంతరం రాసినా చెట్లు ఆగేవి కావేమో. కాని చూడకుండా రాశాను. అదీ నన్ను బాధించేది.

ఇక ఏర్పాట్ల సంగతి. ముగ్గురితో కమిటీ వేశారు, నన్ను కన్వీనరు చేశారు. మొదట పదిహేడుమంది పేర్లు ఇచ్చారు. నేను ఉత్సాహం కొద్దీ, వర్షారణ్యం కదా, వర్షంలోనే చూడాలి, వచ్చే ఏడాది జూలైలో వెళ్దాం అన్నాను. మా వీధిలో ఒక కేరళ నర్సమ్మ ఉంటుంది. ఆమెతో చెబితే పకపకా నవ్వింది. "అంకుల్, జూలైలో మీరు అడవిని చూడరు, జలగలు మిమ్మల్ని చూస్తాయి" అంది. భారీ వానల్లో కొండచరియలు పడతాయి, పార్కు మూసేస్తారు, ఎండాకాలం మంటల భయంతో కూడా ఒక్కోసారి మూస్తారు అని ఆమే చెప్పింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిదని తేల్చుకున్నాం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చేసి, సంక్రాంతి ఇంట్లో చేసుకుని, ఆ మరుసటి వారం బయలుదేరాలని నిర్ణయించాం. శని ఆదివారాలు జనం ఎక్కువగా ఉంటారని మధ్య వారం చూసుకున్నాం.

పార్కు ఆఫీసుకు మలయాళంలో ఫోను చేసి మాట్లాడింది కూడా ఆ అమ్మాయే. అక్కడి నియమాలు ఒక్కొక్కటే చెబుతుంటే నేను రాసుకున్నాను. ముక్కాలి అనే ఊళ్లో అటవీశాఖ ఆఫీసు ఉంది. మన సొంత వాహనం అక్కడితో ఆగాలి. అక్కడినుంచి సైరంధ్రి దాకా 23 కిలోమీటర్లు వాళ్లు పంపే జీపులోనే, వాళ్లు పంపే గైడుతోనే వెళ్లాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి, లోపల రాత్రి బస లేదు. ప్లాస్టిక్ సంచులు పనికిరావు. ఆకు, కాయ, రాయి ఏదీ తేకూడదు.

ఇది విని ఇద్దరు పేర్లు వెనక్కి తీసుకున్నారు. "అంత దూరం పోయి నాలుగైదు గంటలేనా!" అన్నారు. వాళ్లను తప్పు పట్టను. కాని ఆలోచించండి. గుడికి పోతే గర్భగుడిలో పడుకోనిస్తారా? దర్శనం చేసుకుని వస్తాం. అడవిని కాపాడటమంటే అక్కడ మనం ఉండే సమయం తగ్గించడమే.

మిగిలినవాళ్ల ఇళ్లల్లో యుద్ధాలు జరిగాయి. మా అమ్మాయి ఫోనులో, "ఏం బాపూ, మోకాళ్లు పట్టుకొని మెట్లు దిగుతున్నవు, ఈ వయసుల నీకు అడివెందుకు?" అంది. ఈ వయసులో కాకపోతే ఏ వయసులో పోవాలి తల్లీ అన్నాను. మా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా మందుల డబ్బా సర్దడం మొదలుపెట్టింది. అది అంగీకారమో కోపమో రైలెక్కేదాకా నాకు తెలియలేదు.

ఇప్పుడు నా పొరపాటు. అందరి ఆరోగ్యం వివరాలతో ఒక పట్టిక తయారు చేశాను. బి.పి., షుగరు, మోకాళ్లు, కళ్లు, వేసుకునే మందులు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు, హెల్త్ కార్డు నంబరు. అంతవరకు బాగానే ఉంది. దాని కింద నిబంధనలు రాశాను. నాలుగో నిబంధన ఇది: "గత సంవత్సర కాలంలో గుండె శస్త్రచికిత్స జరిగిన సభ్యులు ముక్కాలి దాటి వెళ్లరాదు." ఎవరి పేరూ రాయలేదు. సర్క్యులరు భాషలో రాశాను. పదిహేనుమందిలో ఆ నిబంధన కిందికి వచ్చేది ఒక్కరే. ఆ సెప్టెంబరులోనే మన లెక్చరర్ గారికి బైపాస్ అయింది. యాత్ర ఆలోచన ఎవరిదో ఆయనకే ఆ గేటు మూశాను. అదీ ఆయనతో ఒక్క మాట చెప్పకుండా, నోటీసు బోర్డు మీద.

ఆయన వచ్చి బోర్డు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ నాలుగో రూలు నా ఒక్కడి కోసమే రాశారా?" అని అడిగారు. నేను, "అందరి క్షేమం కోసం సార్" అన్నాను. ఆయన వెళ్లిపోయారు. పది రోజులు సంఘానికి రాలేదు.

నిబంధన తప్పు కాదు. ముక్కాలి నుంచి లోపలికి అడవి దారి. జీపు కుదుపుతుంది. గంటకు పైగా ప్రయాణం. అక్కడ ఫోను పనిచేయదన్న లెక్కతోనే బయలుదేరాలి. ఏదైనా అయితే వెనక్కి ముక్కాలికి వచ్చి, మళ్లీ ఘాటు రోడ్డు దిగి మన్నార్‌కాడ్ ఆసుపత్రికి చేరాలి. ఆయన డాక్టరు కూడా అదే మాట అన్నారని తరువాత తెలిసింది. తప్పు ఎక్కడంటే, మనిషి ఎదురుగా ఉండగా మనిషిని చూడకుండా కాగితం మీద రాయడం. చింతచెట్లకు చేసిందే స్నేహితుడికీ చేశాను. పదకొండో రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. ఏం చెప్పాలో వారం నుంచి డ్రాఫ్టు రాసుకుంటున్నాను, గడప దగ్గరే మరిచిపోయాను. "తప్పయింది సార్. ముందు మీతో మాట్లాడాల్సింది" అన్నాను. ఆయన కుర్చీ చూపించారు. వాళ్ల ఇల్లాలు చాయ్ తెచ్చారు. కొంతసేపయ్యాక ఆయనే అన్నారు: "ముక్కాలి దాకా వస్తాను. అక్కడ కూర్చుంటాను. మా ఆవిడను మీతో లోపలికి పంపుతాను. ఒక షరతు. తిరిగి వచ్చాక మీరు నాకు టూర్ రిపోర్టు రాసి ఇవ్వాలి. సంఘానికి కాదు, నాకు."

బోర్డు మీది కాగితం ఆ సాయంత్రమే తీసేశాను.

తక్కిన ఏర్పాట్లు త్వరగా చెబుతాను. రైల్వేలో సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలోనే ఆపేశారు కనుక పూర్తి చార్జీ పెట్టుకున్నాం. కింది బెర్తుల కోసం ముందుగానే రిజర్వేషన్ చేయించాం. పాలక్కాడ్ నుంచి ఒక వ్యాను మాట్లాడుకున్నాం. డబ్బు అందరి దగ్గరా ముందే జమ చేయించి, మిగిలింది తిరిగి వచ్చిన వారంలో లెక్కతో సహా వాపసు ఇచ్చాం. స్నేహాలు చెడేది డబ్బు దగ్గర కాదు, లెక్క చెప్పకపోవడం దగ్గర. పార్కు ఏ కారణంతోనైనా మూసేస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకున్నాం. పాలక్కాడ్ కోట, మలంపుళ ఆనకట్ట చూసి తిరిగి రావాలి, ఎవరూ ఎవరినీ నిందించకూడదు. చివరికి పన్నెండుమందిమి మిగిలాం. మా వయసులు కలిపితే ఎనిమిది వందల యాభై దాటింది.

సాయంత్రం వరంగల్‌లో ఎక్కి మర్నాడు మధ్యాహ్నం పాలక్కాడ్‌లో దిగాం. హోటల్లో గోరువెచ్చని నీళ్లు ఎర్రగా ఉంటే మావాళ్లు ముట్టుకోలేదు. దాహశమని అని, మూలికల చెక్కలు వేసి మరిగించిన నీళ్లు అవి. అక్కడ అలాగే తాగుతారు. ఎర్రటి లావు బియ్యం అన్నం చూసి మా రెవెన్యూ మిత్రుడు దిగాలుపడ్డారు గాని, మా ఆవిడ సంచిలోంచి ఆవకాయ డబ్బా తీసేసరికి తేరుకున్నారు. ఆ రాత్రి మన్నార్‌కాడ్‌లో బస చేశాం.

తెల్లవారి ఆరింటికి బయలుదేరి ఘాటు రోడ్డెక్కి ముక్కాలి చేరాం. భవానీ నది ఆ ఊరి పక్కనుంచే పోతుంది. ఆఫీసులో గుర్తింపు కార్డులు చూపి టిక్కెట్లు తీసుకుని, పదకొండుమందిమి రెండు జీపుల్లో ఎక్కాం. లెక్చరర్ గారు మా వ్యాను డ్రైవరుతో చాయ్ దుకాణం బల్ల మీద కూర్చున్నారు. జీపు కదిలేటప్పుడు ఆయన చెయ్యి ఊపలేదు. "లోపల ఒక రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. ఏం వినపడిందో చెప్పండి. చూసినవి పుస్తకాల్లో ఉన్నాయి" అన్నారు.

మా గైడు అక్కడి గిరిజన యువకుడు. తాడ్వాయిలో మన కోయ పిల్లలు అడవి చూపించినట్టే, అట్టప్పాడి పిల్లలు అక్కడ చూపిస్తారు. చిత్తూరులో పనిచేసి వచ్చిన మా మిత్రుడికి తమిళం వచ్చు, ఆ అబ్బాయికీ కొంత వచ్చు, అలా మాట నడిచింది.

ఏం చూశామని అడుగుతారు. పులి చూడలేదు, ఏనుగు చూడలేదు. సింహపు తోక కోతి అని, నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ తెల్లటి జూలు, తోక చివర కుచ్చు ఉండే కోతి ఆ అడవికి పేరు తెచ్చింది. అదీ కనిపించలేదు. నీలగిరి కొండముచ్చులు నల్లగా ఒక కొమ్మ మీదినుంచి ఇంకో కొమ్మకు దూకుతూ కనిపించాయి. చెట్ల మొదళ్లు గోడల్లా విచ్చుకుని ఉన్నాయి. కొమ్మల మీద నాచు, నాచు మీద చిన్న మొక్కలు. పొద్దున పది గంటలకు కూడా కింద సాయంత్రంలా ఉంది. సైరంధ్రి దగ్గర సుమారు ముప్పై మీటర్ల ఎత్తు గోపురం ఉంది. మా మోకాళ్ల మహాత్ములం కిందే ఉన్నాం. ముగ్గురు ఎక్కి వచ్చారు, ఎటు చూసినా చెట్ల తలలే తప్ప నేల కనపడలేదన్నారు. గైడు లోయ వైపు చెయ్యి చూపించి, ఆనకట్ట కట్టాలనుకున్నది అక్కడే అన్నాడు. అక్కడ ఏమీ లేదు, ఏరు పారుతోంది. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో ఆమోదం పొందిన పనులు ఎన్నో చూశాను. ఆమోదం పొందీ జరగని పనిని చూడటానికి అంత దూరం పోయానా అనిపించింది. కళ్లు చెమ్మగిల్లాయి.

తరువాత అందరం రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డాం. అక్కడ కీచురాళ్ల చప్పుడు లేనందువల్ల సైలెంట్ వ్యాలీ అని పేరు వచ్చిందంటారు. సైరంధ్రి పేరే ఇంగ్లీషువాళ్ల నోట్లో అలా మారిందనీ అంటారు. మాకైతే పురుగుల చప్పుడు వినబడింది.

తిరిగి జీపు దగ్గరికి వస్తుంటే లెక్చరర్ గారి ఇల్లాలు దారిలో రాలిన ఎర్రటి ఆకు ఒకటి తీసి పైటకొంగులో పెట్టుకున్నారు. గైడు చూశాడు. గద్దించలేదు. చేతులు జోడించి, "అమ్మా, ఇక్కడే" అన్నాడు. ఆమె ఆకు తీసి, ఎక్కడ దొరికిందో వెనక్కి నాలుగడుగులు నడిచి అక్కడే పెట్టి వచ్చారు. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ముక్కాలిలో దిగగానే అందరం లెక్చరర్ గారి చుట్టూ చేరి ఒకేసారి చెప్పడం మొదలుపెట్టాం. పిట్ట కూసిందని ఒకరు, ఏరు వినపడిందని ఒకరు, గాలి అని నేను. ఆయన భార్య వైపు చూశారు. ఆమె కొంచెం ఆలోచించి అన్నారు: "తెల్లవారుజామున నాలుగింటికి మన ఇల్లు ఉంటుంది చూడండి. ఎవరూ లేవరు. కాని ఎక్కడో పని మొదలైనట్టే ఉంటుంది. అలా ఉంది."

ఆయన తల ఊపారు. "నాకు అర్థమైంది" అన్నారు. మేము లోపల ఉన్నంతసేపూ ఆయన భవానీ ఒడ్డున కూర్చుని పిట్టల జాబితా రాసుకున్నారు. మేము పదకొండుమందిమి కలిసి చూసిన వాటికంటే అది పెద్దది.

వరంగల్ వచ్చాక తొమ్మిది ఫుల్‌స్కేప్ పేజీల రిపోర్టు రాసి ఇచ్చాను. వారం తరువాత ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. పైన ఒకే వాక్యం: "చూసింది ఉంచండి, చదివింది తీసేయండి." తీసేస్తే నాలుగు పేజీలు మిగిలింది. నా సర్వీసు మొత్తంలో ఏ ఆఫీసరూ నాకు అంత మంచి రిమార్కు రాయలేదు.

మీలో కొందరికి తెలుసు, 2024 ఆగస్టు 31న మన తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలి వచ్చి వేలకు వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఆ దసరా తరువాత లెక్చరర్ గారు, నేను, మరో నలుగురం కారులో అటు వెళ్లాం. అప్పటికి డాక్టరు ఆయనకు ప్రయాణానికి ఒప్పుకున్నారు. పడిన చెట్లు చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. సైరంధ్రిలో అడవిని మనుషులు కాపాడారు, ఇక్కడ గాలి పడగొట్టింది, మన చేతిలో ఏముంది అన్నాను. "మళ్లీ మొలిచేదాకా తొక్కకుండా ఉండటం మన చేతిలో ఉంది" అన్నారాయన.

కాబట్టి కొత్తగా పేర్లు ఇచ్చినవారికి నా విన్నపాలు కొన్ని. ముందు ఒక రోజు మన తాడ్వాయి చూసి రండి, తేడా తెలుస్తుంది. ప్రయాణానికి నెల ముందు డాక్టరును కలవండి. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా పేరు ఇవ్వకండి. మందులు రెండు సంచుల్లో సగం సగం పెట్టుకోండి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇన్సులిన్ వాడేవారు దాన్ని చల్లగా ఉంచే ఏర్పాటు చేసుకోండి. స్టీలు సీసాలో నీళ్లు, పట్టు ఉన్న బూట్లు, పొడుగు చేతుల చొక్కా, చేతికర్ర చాలు. ముక్కాలిలోనే కాలకృత్యాలు ముగించుకుని జీపెక్కండి. పార్కు వేళలు, రుసుములు మారుతుంటాయి, టిక్కెట్లు కొనేముందు అక్కడి ఆఫీసుతో మాట్లాడండి. కోతి కనపడలేదని గైడు మీద అలగకండి.

చివరిది. మీలో ఎవరికైనా లోపలికి వెళ్లే ఆరోగ్యం లేకపోతే ఆ సంగతి కాగితం మీద రాయకండి, ఇంటికి వెళ్లి మాట్లాడండి. ముక్కాలి దాకా రమ్మనండి. నదీ ఉంది, చాయ్ ఉంది, పిట్టలున్నాయి.

మన లెక్చరర్ గారు ముందు వరుసలోనే ఉన్నారు. ఈ ప్రసంగం నిన్ననే ఆయనకు చూపించాను. రెండు పేజీలు కొట్టేశారు. కనుక భోజనం ఆలస్యం కానందుకు మీరు కృతజ్ఞతలు చెప్పుకోవలసింది ఆయనకే.